గుడి తాళం ఎవరి దగ్గరుంది?

ఈ వారం ఒక మాట నాకు గుచ్చుకుంది. ప్రొద్దుటూరులో పాత మిత్రుడొకాయన, సెలవు రోజు పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలా అని ఆలోచిస్తూ, “గండికోట అయిపోయింది, బెలుం గుహలు అయిపోయినాయి. పాత చర్చీలు చూపిద్దామంటే మెదక్ దాకా పోవాల. మన తట్టు ఏముండాయిలే” అన్నాడు.

మా తుమ్మలపల్లె పేరు చెప్పినా ఇంతే. యురేనియం గని కదా అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఒక సీమను ఒక్క ముక్కలో ముగించేవాళ్ల మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఈసారి ఆ కోపం పాత చర్చీల తరఫున.

మెదక్ గొప్పదే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు దొర కరువు రోజుల్లో జనానికి పని చూపించి కూడు పెట్టిన కట్టడం అది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు ఎవరైనా చూడాల్సినవే. డోర్నకల్ కూడా అంతే. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య, గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ ఒక్కచోటికి తెచ్చి కట్టించిన కెథడ్రల్‌కు 1939లో ప్రతిష్ఠ చేశారు. వీలున్నవాళ్లు రెండూ చూసి రండి.

అయితే కడపలో లండన్ మిషన్ పని మొదలైంది 1822లో. మెదక్ గోపురం లేవడానికి నూరేళ్ల ముందు. అప్పటికి సి.పి. బ్రౌన్ కడపకు వచ్చి రెండేళ్లే. తర్వాత ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ వచ్చి ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా పని చేసింది. 1850ల నుంచి కడప, కర్నూలు జిల్లాల్లో మాలపల్లెలకు మాలపల్లెలే క్రైస్తవంలోకి వచ్చాయి. జమ్మలమడుగులో లండన్ మిషన్ డాక్టరు క్యాంబెల్ పెట్టిన ఆసుపత్రి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. డాక్టరు చదువు ముగించుకొని వచ్చిన కొత్తలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పనిచేసింది అందులోనే. ఇంత చరిత్ర ఉన్న నేలను పట్టుకొని “ఏముండాయిలే” అంటే ఊరుకునేదెట్లా?

మన చర్చీలు రోడ్డున పోయేవాళ్లకు కనపడవు, అది నిజమే. వాటిని నిలబెట్టినవాళ్లు సొంత సెంటు భూమి లేని కూలీలు, ముతక బట్ట నేసుకొని బతికినవాళ్లు. వాళ్ల ఇళ్లు ఊరికి చివర ఉండేవి, గుడీ అక్కడే లేచింది. గనిలో దొరికే బండ, చేలో దొరికే మట్టి, వంకలో దొరికే కట్టె, ఇవే దాని సామాను. దూరం నుంచి చూస్తే మామూలు మిద్దెకూ దానికీ తేడా తెలియదు. దగ్గరికి పోవాలి. పోవడానికొక పద్ధతి ఉంది.

మొదట అడగాల్సింది “గుడి తాళం ఎవరి దగ్గరుంది?” అని. ఒకచోట అయ్యగారి దగ్గర ఉంటుంది, ఇంకోచోట సంఘపెద్ద ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతుంటుంది. తాళం కోసం పోయినచోటే సగం చరిత్ర దొరుకుతుంది. తలుపు తీయడానికి వచ్చిన మనిషి ఊరికే తీసిపోడు, గడప దగ్గర నిలబడి నాలుగు మాటలు చెబుతాడు. లోపలికి పోయేముందు గోడ చుట్టూ తిరిగి శంకుస్థాపన రాయి ఎక్కడుందో చూడండి. చెప్పులు బయటే విడవండి. లోపల గబగబా ఫోటోలు తీయకుండా కాసేపు కింద కూర్చోండి. కడప బండ నేల ఎక్కడెక్కడ నునుపు తేలిందో చూస్తే ఆడవాళ్లు ఏ పక్క కూర్చున్నారో, మగవాళ్లు ఏ పక్క కూర్చున్నారో, పసిపిల్లల తల్లులు లేచిపోవడానికి వీలుగా ఏ వాకిలి దగ్గర చేరారో తెలిసిపోతుంది. లండన్ మిషన్ వాళ్లు కట్టిన గుడి సాదాగా ఉంటుంది, అందులో ప్రసంగం చేసే పుల్పిట్‌కే పెద్దపీట. ఎస్.పి.జి. వాళ్ల గుడిలో కళ్లు ముందు బలిపీఠం మీదికి పోతాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి పాత మిషన్లు ఒకటయ్యాయి. నంద్యాల తట్టు ఆంగ్లికన్లు మాత్రం అప్పుడు చేరక, 1975లో వచ్చి కలిశారు. పేరు ఒకటైనా గోడలకు ఆ తేడా ఇంకా గుర్తుంది. గంట ఉంటే గంట చూడండి. చాలా పల్లెల్లో వేపకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్కే గంట. చివరగా సమాధుల తోటకు పోండి.

మొన్న ఆదివారం మేనల్లుణ్ణి బండి తీయమని జమ్మలమడుగు దాటి ఒక పల్లెకు పోయాను. అక్కడి పాత గుడిని గురించి విని చాలాకాలమైంది. పోయేసరికి సగం కూల్చేసి ఉంది. దూలాలు ఒక పక్క, బండలు ఒక పక్క. పక్కనే కొత్త గుడికి పిల్లర్లు లేస్తున్నాయి, కమ్మీలు నిక్కి చూస్తున్నాయి. నా ఒళ్లు మండింది. నాది పాత పాటే, మీకందరికీ తెలుసు. పాత బండ మిద్దెలు పడగొట్టి సిమెంటు పెట్టెలు కట్టొద్దని ఇక్కడ ఎంత రాశానో! అక్కడే నిలబడి ఈ వారం కాలమ్ మనసులో రాసేసుకున్నాను. వందేళ్ల గోడను నిలుపుకోవడం చేతకాదా, గవాచిలోంచి పడే ఆ వెలుగు ట్యూబులైటు ఇస్తుందా, అని.

ఇంతలో సంఘపెద్ద వచ్చాడు. “ఎవురు నాయనా, ఏం కావాల?” అన్నాడు.

“గుడి చూసిపోదామని వచ్చినాం పెద్దాయనా. పాతదాన్ని ఎందుకు తీసేసినారు?”

“దూలాలు పుచ్చిపోయినాయి. పోయిన వానలకు ఒకపక్క కూలింది. పిల్లోళ్లు కూచునే చోటే పడింది. ఇంగ ఎట్ల పెట్టుకునేది?” అని, కాసేపాగి, “ఇది ఒకసారి కట్టింది కాదులే. మా నాయన కాలంలో ఒకసారి విప్పి కట్టినారు. మా జేజినాయన కాలంలో బోద కొట్టమంట” అన్నాడు.

ఆ మాటతో నేను చిన్ననాటి పల్లెలోకి వెళ్లిపోయాను. మా నాయన ఎలిమెంటరీ బడి పంతులు. పులివెందుల తట్టు ఒక ఊళ్లో ఆయన పనిచేసినప్పుడు బడికి వేరే గది లేదు. మాలపల్లెలో మిషన్ వాళ్ల మట్టి మిద్దెలోనే బడి. వారమంతా పలకలు, ఆదివారం ప్రార్థన. నల్లబల్ల మీద శనివారం సాయంత్రం ఉన్న ఎక్కాలు సోమవారం పొద్దున కూడా ఉండేవి. ఉపదేశి వాటిని చెరిపేవాడు కాదు, పిల్లలకు మళ్లీ పనికొస్తాయని.

కోతల పండుగకు మా నాయన నన్నూ తీసుకుపోయేవాడు. జొన్నలు, కొర్రలు, సద్దలు, శనక్కాయలు గంపల్లో వచ్చేవి. గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు వరుసగా బలిపీఠం ముందు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే ప్రతి పాట మీదా రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉండేవి. కర్నాటక సంగీతపు రాగాల పేర్లు నేను మొదట చదివింది ఆ పుస్తకంలోనే. ఉపదేశి ఎత్తుకుంటే వెనకాల డోలక్కు, తాళాలు. పాటలు పెద్దగా పాడేవాళ్లలో సగంమందికి అక్షరాలు రావు, చరణాలన్నీ నోటికే వచ్చు. ప్రార్థన అయ్యాక వేలం. ఒక కోడిని పాడుకున్నాయన డబ్బు కట్టి, కోడిని మళ్లీ గుడికే ఇచ్చేసేవాడు. దాన్ని మళ్లీ వేలం వేసేవాళ్లు. ఆ కోడి అట్లా నలుగురైదుగురి చేతులు మారి పొద్దుగూకేసరికి గుడికి కొంత డబ్బు సంపాదించిపెట్టేది. రోజు కూలి మీద బతికేవాళ్లు తమ గుడిని పోషించుకున్న తీరు అది.

వానలకు ముందు మిద్దెకు చౌడు వేసేవాళ్లు. చవిటినేల నుంచి గంపల్లో మట్టి మోసుకొచ్చి పైన పరిచి, తడిపి, దిమ్మిసలు కొట్టేవాళ్లు. మిద్దెను పైదాకా మోసేది దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద బండలో కట్టెలో, ఆ పైన బోద, అన్నిటికంటే పైన ఈ చౌడు. ఏటేటా పైమట్టి మారేది. కొన్నేళ్లకు దంతెలు మారేవి. చెదలు పట్టిన దూలం తీసి కొత్తది ఎత్తేవాళ్లు. అట్లా ఒక తరం గడిచేసరికి పాతది మిగిలేది నాలుగు గోడలు, గడప. అయినా అది తమ తాతల గుడి కాదని ఎవరూ అనుకోలేదు.

ఇంకా వెనక్కి పోతే ఇదే కనపడుతుంది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్ ఫాదర్లు సన్యాసుల వేషంలో పుంగనూరు, కృష్ణాపురం, బుక్కపట్నం తట్టు తిరిగి సంఘాలు కట్టారు. యుద్ధాలకూ కరువులకూ తాళలేక ఆ సంఘాల్లో చేరిన రెడ్లలో చాలామంది సీమ వదిలిపోయారు. గుంటూరు తట్టు ఫిరంగిపురంలోనూ, చెన్నపట్నం దగ్గర కీళచ్చేరిలోనూ వాళ్ల వారసులున్నారు. వాళ్లు వదిలేసిన గుళ్లు మట్టిలో కలిశాయి, నమ్మకం మాత్రం మనుషులతోపాటు నడిచిపోయి కొత్త ఊళ్లో కొత్త గుడి కట్టుకుంది. ధాత కరువని మన పెద్దలు చెప్పుకునే 1876-78 కరువులో కూడా పల్లెలకు పల్లెలు చెదిరాయి. తిరిగొచ్చినవాళ్లు మళ్లీ దూలాలెత్తారు.

నేను ఇదంతా తలచుకుంటూ నిలబడి ఉంటే సంఘపెద్ద తన ఇంటికి రమ్మన్నాడు. గుడి సామాను అక్కడ పెట్టాడు. సంస్కారపు గిన్నె, రెండు బెంచీలు, ఒక రేకు బీరువా. బీరువాలోంచి గుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. బాప్తిస్మాల రిజిస్టరు.

అట్ట ఊడింది. కాగితం అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి. సిరా గోధుమరంగుకు తిరిగింది. ప్రతి పేజీలో గీతలు గీసి అరలు: తేదీ, బాప్తిస్మపు పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, వృత్తి, బాప్తిస్మమిచ్చినవారు. వృత్తి అరలో కూలి, నేత, కూలి, కూలి, సేద్యం, మళ్లీ కూలి. తండ్రి ఓబులేసు, కొడుకు యోహాను. తల్లి గంగమ్మ, కూతురు మరియమ్మ. ఆయన వేలు ఒక వరుస మీద ఆగింది. “ఇదో, మా జేజినాయన” అన్నాడు. తర్వాత పక్క అర మీదికి వేలు జరిపి, “ఇది ఆయప్ప అమ్మ పేరు. ఈ పుస్తకం చూసేదాకా ఆయమ్మ పేరేందో మా ఇంట్లో ఎవురికీ తెలీదు” అన్నాడు.

ఆ వాక్యం విన్నాక పిల్లర్ల మీద నా కోపం నిలవలేదు.

మెకంజీ దొర సేకరించిన ఊళ్ల చరిత్రల, అదే కైఫీయతుల గురించి ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. ఊరి గుడి, కోట, మాన్యాలు, కరణాల వంశాలు, రెడ్ల తగాదాలు అన్నీ వాటిలో దొరుకుతాయి. మాలపల్లెలో పుట్టిన ఆడమనిషి పేరు వెతికితే దొరకడం కష్టం. పొలం లేనివాళ్లకు పట్టాలు లేవు, దానం చేయనివాళ్లకు శాసనాలు లేవు. ఒక గంగమ్మ బతికిందని, ఆమె భర్త నేతపని చేశాడని, ఆమె కూతురికి ఫలానా తేదీన బాప్తిస్మం జరిగిందని సిరాతో రాసిన కాగితం ఈ రిజిస్టరొక్కటే. పెళ్లిళ్ల పుస్తకాలు కూడా అంతే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రతి పెళ్లినీ రాసిపెట్టమంది కాబట్టి రెండు కుటుంబాల పేర్లు మిగిలాయి.

మన తట్టు తిరిగిన దొరలు రాసిన ఉత్తరాలు పోలేదు. లండన్ మిషన్ కాగితాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఎస్.పి.జి. కాగితాలు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. చల్లటి గదుల్లో, వరుస నంబర్లతో, అడిగినవాళ్లకు తీసిచ్చేలా ఉన్నాయి. బాప్తిస్మం పొందినవాళ్ల పేర్లున్న పుస్తకం జమ్మలమడుగు అవతల ఒక రేకు బీరువాలో చెదలకు దగ్గరగా ఉంది. ఇన్నేళ్లూ గోడల గురించి అరిచాను. ఇప్పుడు నా ముందున్న కాగితం గోడకంటే తొందరగా పోయేలా ఉంది.

కాబట్టి నా తీర్పు ఇది. దూలాలు పుచ్చి, పిల్లల నెత్తిన పడేలా ఉన్న గుడిని సంఘం విప్పి కట్టుకుంటే దానికి అడ్డుపడే హక్కు సెలవురోజు బండి వేసుకొని పోయే నాలాంటివాళ్లకు లేదు. గట్టిగా ఉన్న పాత గుడిని మాత్రం ఊరికే కూల్చొద్దు, ఆ పాట నేను మానను. కూల్చక తప్పనిచోట శంకుస్థాపన రాయిని జాగ్రత్తగా పెరికి కొత్త గోడలో అందరికీ కనపడేచోట పెట్టండి. పాత గంటనే కట్టండి, అది రైలు పట్టా ముక్కైనా సరే. పాత బండలు పారేయకుండా వరండాలో పరవండి.

రిజిస్టర్ల పని వీటన్నిటికంటే ముందు జరగాలి. ఖర్చులేని పని అది. పగటి వెలుతురులో ఒక్కో పేజీ సెల్‌ఫోనుతో ఫోటో తీయించండి. ఇంటర్ చదివే పిల్లలెవరైనా ఒక్కపూటలో చేసిపెడతారు. ఒక ప్రతి సంఘం దగ్గర, ఒకటి కడపలో డయాసిస్ ఆఫీసులో, ఇంకొకటి ఊళ్లో చదువుకున్న ఎవరి దగ్గరైనా ఉండాలి. పేర్లు బయట ఎక్కడా పెట్టాల్సిన పనిలేదు, అవి ఆ కుటుంబాల సొత్తు. పాత గుళ్లు చూడటానికి పోయేవాళ్లు కూడా ఫోటోలు దిగి వచ్చేయకుండా, పెద్దలు ఒప్పుకుంటే ఒక పూట కూర్చొని ఈ పనికి సాయం పట్టండి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల తట్టు సంఘపెద్దలకు నా మనవి ఒక్కటే: వానలు పడకముందే మీ బీరువా తెరిచి చూడండి.