పిడుదులు గోడలలో, మందు కుక్కమీద

అమీర్‌పేట, పంజాగుట్ట వంటి పేటలలో కుక్కలూ పిల్లులూ వాకిళ్లను విడిచి అపార్టుమెంటు గదులలోనికి వచ్చి చాలాకాలమైనది. వాటితోబాటు పిడుదులు, ఫ్లీ అనే దూకుడు పురుగులు కూడ లోపలికి వచ్చినవి. వీటిని వదలించే సలహాలకు కొదువ లేదు. వేపాకు కషాయం పూయమనేవారు, కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయమనేవారు, కిరోసిన్‌తో తుడవమనేవారు, అన్నంలో వెల్లుల్లి కలిపి పెట్టమనేవారు ఒకవైపు. మెడమీద కొన్ని చుక్కలు వేస్తే చాలు, నెలకొక బిళ్ల మింగిస్తే చాలు అనే మందుల పెట్టెలు మరొకవైపు. ఈ రెండు తెగల సలహాలలో శాస్త్రమెంత, లోపమెంత అన్నది తూచి చూడవలసి ఉన్నది. ఎందుకనగా, సలహా తప్పితే నష్టపోయేది నోరులేని ప్రాణి.

ముందుగా శత్రువు స్వభావం తెలియాలి. మన కుక్కలమీద సాధారణంగా కనిపించే గోధుమవన్నె పిడుదు పేరు రైపిసెఫాలస్ సాంగ్వినియస్. ఇది కీటకం కాదు. సాలెపురుగు, తేలు జాతులకు బంధువు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆరు కాళ్లు, తరువాతి దశలలో ఎనిమిది కాళ్లు ఉంటవి. ప్రతి దశలోను ఒకసారి నిండా రక్తం త్రాగి, క్రిందికి రాలి, గోడ పగుళ్లలోను తలుపు సందులలోను దాగి, కుబుసం విడుస్తుంది. మళ్లీ ఆకలివేసినప్పుడు కుక్కను వెదకుకుంటుంది. ఆడ పిడుదు కుక్కమీద గ్రుడ్లు పెట్టదు. సందులో చేరి వేలకొలది గ్రుడ్లు పెట్టి చనిపోతుంది. తిండి లేకపోయినా పెరిగిన పిడుదు నెలల తరబడి బ్రతకగలదు.

ఫ్లీ కథ వేరు. పెరిగిన పురుగు జంతువు వెంట్రుకలలోనే నివసిస్తుంది. కాని అది రోజుకు నలభై, యాభై దాకా పెట్టే గ్రుడ్లు పరుపులమీద, చాపలమీద రాలిపోతవి. పిల్ల పురుగులు అక్కడి దుమ్ములో పెద్దవాటి మలాన్ని, అనగా ఎండిన రక్తాన్ని తిని పెరుగుతవి. తరువాత పట్టుగూడు అల్లుకొని, మనిషి అడుగుల అదురు, శరీరపు వేడి తగిలేవరకు వారాలు, నెలలు వేచి ఉండగలవు. ఒక ఇంటిలోని ఫ్లీల సంఖ్యలో జంతువుమీద కనిపించేవి నూటికి అయిదు మాత్రమేనని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇక్కడనే ప్రచారంలోని సలహాల మొదటి లోపం బయటపడుతుంది. అవి ఇంటి వైద్యమైనా, దుకాణం మందైనా, చూపంతా జంతువుమీదనే నిలుపుతవి. పిడుదు జీవితంలో ఎక్కువ భాగం గడిచేది గోడలో. అపార్టుమెంటులో ఈ లోపం మరింత పెద్దదవుతుంది. ఒక ఇంటివారు తమ కుక్కకు ఎంత శ్రద్ధగా మందు వేసినా, మెట్ల క్రింద, కార్లు నిలిపే చోట, కాపలాదారు గది ప్రక్కన పడుకునే కుక్కలను పట్టించుకోకపోతే పిడుదులు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటవి.

ఈ పాఠం హైదరాబాదుకు కొత్తది కాకూడదు. అమీర్‌పేటకు పొరుగున ఉన్న బేగంపేటలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న, మలేరియా రోగి రక్తం త్రాగిన దోమ కడుపు గోడలో ఆ వ్యాధి క్రిమిని కనుగొన్నాడు. రోగిని చూడడంతో ఆగక, కుట్టి వెళ్లిపోయిన దోమలో తరువాత ఏమి జరుగుతున్నదో చూడడమే ఆయన చేసిన పని. అంతకు ముందే, 1893లో, అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనేవారు పశువుల జ్వరాన్ని పిడుదు వ్యాపింపజేస్తుందని నిరూపించారు. మన దగ్గరి ఉదాహరణ కూడ ఉన్నది: కుక్కల ఎర్రరక్తకణాలను నాశనం చేసే బెబీసియా గిబ్సోని అనే క్రిమిని 1910లో పాటన్ వర్ణించినది మద్రాసు వేటకుక్కల రక్తంలోనే.

ఇక ఇంటి వైద్యాల సంగతి. వేపకు కీటకాలను వికర్షించే గుణం కొంత ఉన్నమాట నిజం, దానిని తోసిపుచ్చరాదు. అయితే అతుక్కొని రక్తం త్రాగుతున్న పిడుదును అది నమ్మకంగా చంపదు. మిగిలిన మూడింటికి ఈపాటి మన్నన కూడ తగదు. వెల్లుల్లి, ఉల్లి కుక్కల, పిల్లుల ఎర్రకణాలను దెబ్బతీస్తవి. పిడుదు జ్వరంతో ఇప్పటికే రక్తం తగ్గిన కుక్కకు అది రెండవ దెబ్బ. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది; జంతువు నాకితే ఊపిరితిత్తులకు ముప్పు. కర్పూరం నాకినా విషమే.

దుకాణం మందుల విలువ కాదనలేనిది. ఫిప్రోనిల్ చుక్కలు, 2013 తరువాత వచ్చిన అఫాక్సొలానర్, ఫ్లురలానర్ బిళ్లలు పరీక్షలకు నిలిచినవి. కాని "పిడుదులను చంపును" అన్న మాటను "పిడుదు జ్వరం రాదు" అని చదువుకోరాదు. బిళ్లలోని మందు తగలాలంటే పిడుదు ముందు కరవాలి. ఎర్లీకియా అనే జ్వరక్రిమి కరచిన కొద్ది గంటలలోనే కుక్క రక్తంలోనికి చేరగలదు. మూర్ఛలున్న కుక్కల విషయంలో ఈ బిళ్లల వాడకానికి జాగ్రత్త అవసరమని అమెరికా ఔషధ పరిపాలన సంస్థ 2018లో హెచ్చరించినది.

అన్నిటికంటె తీవ్రమైన లోపం పెర్మెత్రిన్ గురించినది. కుక్కలు తట్టుకొనే ఈ మందును పిల్లి కాలేయం విరిచివేయలేదు. కుక్కకోసం తెచ్చిన చుక్కలు పిల్లిమీద వేస్తే వణుకు, మూర్ఛలు, మరణం సంభవించవచ్చు. అంత ముఖ్యమైన హెచ్చరిక చిన్న అక్షరాలలో, ఆంగ్లంలో మాత్రమే ఉంటే, తెలుగు మాత్రమే చదివే ఇంటిలో అది లేనట్లే. పెట్టెమీద కుక్క బొమ్మ ప్రక్కన, పిల్లికి వాడరాదని తెలుగులో ఒక్క వాక్యం అచ్చువేయడం పెద్ద ఖర్చు కాదు.

మంచి సలహా అంటే ఎలా ఉండాలి? పశువైద్యుడు జంతువు జాతినీ, బరువునూ చూసి మందు నిర్ణయించాలి. పడక గుడ్డలు వేడినీటిలో ఉతకాలి. పగుళ్లు పూడ్చాలి. భవనంలోని ఇళ్లన్నీ ఒకే కాలంలో పని చేయాలి. హైదరాబాదులో పిడుదులను అణచేటంత చలికాలం లేదు గనుక జాగ్రత్త ఏడాది పొడుగునా సాగాలి. అతుక్కున్న పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి. వేళ్లతో నలపరాదు, నిప్పు పెట్టరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. కుక్కను సన్నని దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిసిన తెల్లకాగితంమీద వేయాలి. నలుసు చుట్టూ ఎర్రని మరక వ్యాపిస్తే అది మట్టి కాదు, ఫ్లీ విసర్జించిన రక్తం. ఆ కుక్క పడుకునే చోటు ఎక్కడో విద్యార్థులచేతనే వెదకించి, అక్కడి దుమ్మును భూతద్దంతో చూపించవలె.