తెర వచ్చినది, తోడు రావలె

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రభుత్వ పాఠశాలలలో కొద్ది సంవత్సరాలలోనే పెద్ద మార్పు వచ్చినది. 2019 నవంబరు 14న ఒంగోలులో ‘మన బడి నాడు–నేడు’ పథకం ప్రారంభమైనది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైనది. ప్రభుత్వం ప్రకటించిన లెక్కప్రకారం ఆ విడతలో రాష్ట్రమంతటా 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబులు కేటాయించినారు. మరుసటి ఏడు తరగతి గదుల గోడలకు వేలితో తాకి నడిపే పెద్ద తెరలు కూడ వచ్చినవి.

ఈ సాధనాలవల్ల మేలు లేదనడం సత్యం కాదు. గుండె కవాటాలు తెరుచుకొని మూసుకొనే తీరు, ద్రవంలో అణువుల కదలిక, గ్రహణ సమయంలో భూమి నీడ నడక – వీటిని సుద్దముక్కతో చెప్పడం ఎంత కష్టమో విజ్ఞానం బోధించే ప్రతివారికీ తెలుసు. కనుక ఇక్కడ విమర్శకు గురి అవుతున్నది యంత్రం కాదు. యంత్రాన్ని ఉపాధ్యాయుని చేతికిచ్చిన విధానం.

మీట నొక్కడం వేరు, పాఠం చెప్పడం వేరు

తరగతిలో తెరను వాడదలచిన ఉపాధ్యాయునికి నాలుగు సంగతులు తెలియాలి. యంత్రాన్ని నడపడం మొదటిది. తనకు కావలసిన పాఠాన్ని వెదకి పట్టుకొనడం రెండవది. ఆ పాఠం మంచిదో కాదో నిర్ణయించడం మూడవది. నలభై అయిదు నిమిషాల తరగతిలో దానిని ఎక్కడ, ఎంతసేపు చూపాలో తేల్చుకొనడం నాలుగవది. కొత్త యంత్రం వచ్చినపుడు జరిగే ప్రదర్శనలు సామాన్యంగా మొదటి మెట్టుమీదనే ఆగిపోతవి. చివరి రెండు మెట్లకు బోధనానుభవం కావాలి. అది అమ్మకపు సంస్థ పంపిన యువకుని వద్ద దొరకదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆమ్లాలు, క్షారాల పాఠంలో పసుపు సూచికగా పనిచేస్తుందని చెప్పాలి. తెరమీద ఒక బొమ్మ చేయి పసుపు కాగితాన్ని గాజుపాత్రలో ముంచుతుంది, కాగితం ఎర్రబడుతుంది, పాఠం ముగుస్తుంది. పిల్లలు చూచినారు, కాని ఏమి నేర్చినారు? దుగ్గిరాల పసుపు మార్కెట్టు మన పక్కనే ఉన్నది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని పెళ్లి చూచిన ప్రతి పిల్లకూ తెలుసు. ఇంటిలో ఉన్న ప్రయోగశాలను విడిచి బొమ్మను చూపడం ఎందుకు?

ఇదే పాఠాన్ని మరొక విధంగా నడపవచ్చును. పిల్లలచేత పసుపు కాగితాలు చేయించి, నిమ్మరసం, సబ్బునీరు, సున్నపుతేట, కుంకుడురసం ఎదుట పెట్టాలి. ఏది కాగితాన్ని ఎర్రబరుస్తుందో ముందుగా ఊహించి వ్రాయమనాలి. కుంకుడురసం నురుగు నిస్తుంది గనుక సబ్బువలెనే ఎరుపెక్కిస్తుందని వ్రాసేవారుంటారు. కాని కాగితం పసుపుగానే ఉంటుంది. కుంకుడురసం కొద్దిగా ఆమ్ల స్వభావం కలది; నురుగుకూ క్షారత్వానికీ ముడి లేదు. ఈ ఆశ్చర్యం కలిగిన తరువాత తెరను వెలిగించాలి. పసుపులోని కర్కుమిన్ అణువు క్షారంలో హైడ్రోజన్ అయానును కోల్పోవడం, అందువల్ల అది పీల్చుకొనే కాంతి మారడం అప్పుడు చూపాలి. కంటికి కనబడే దానిని చేతితో చేయించాలి; కంటికి కనబడని దానిని తెరమీద చూపాలి. ఈ విచక్షణను ఉపాధ్యాయునికి అలవరచడమే అసలైన శిక్షణ. అది లేనప్పటి ఫలితాన్ని కళాశాలలో మేము చూస్తున్నాము. అంశమాపనాన్ని వీడియోలో పలుమార్లు చూచిన విద్యార్థి పిపెట్టు పట్టవలసి వచ్చేసరికి తడబడుతున్నాడు.

కాలువ చివరి నీరు

శిక్షణ అసలు జరగలేదా అంటే, జరిగినది. కేంద్ర ప్రభుత్వం 2019 ఆగస్టులో ‘నిష్ఠ’ అనే ఉపాధ్యాయ శిక్షణను ఆరంభించినది. కోవిడ్ కాలంలో దానిని ఆన్‌లైనుకు మార్చినపుడు, 2020 జూలై 16న మొదటి విడతగా ఎంచుకొన్నది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1200 మంది ముఖ్య శిక్షకులనే. వారు నేర్చి ఇతరులకు నేర్పాలి. అంచెలంచెలుగా దిగివచ్చే పద్ధతి ఇది.

ఈ పద్ధతిలోని లోపాన్ని మన రైతుకు వివరించి చెప్పనక్కరలేదు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదలినారు. కుడికాలువ గుంటూరు సీమ దాటి ప్రకాశం వరకు వస్తుంది. తలదగ్గర ఎంత నీరు వదలినదీ లెక్కలో ఉంటుంది. చివరి భూముల రైతు మాత్రం తన పొలం తడిసినదా అని చూచుకొంటాడు. పిల్లకాలువలు పూడిపోతే పెద్దకాలువ నిండుగా పారినా ఆ మడికి ఫలం లేదు. శిక్షణలోనూ అంతే. పైన ఇన్ని వేలమంది హాజరైనారన్నది తలదగ్గరి లెక్క. మారుమూల పాఠశాలలో ఒక పాఠం మెరుగైనదా అన్నది చివరి మడి లెక్క. ఈ రెండవ లెక్కను తీసేవారు కరువైనారు.

పిల్లకాలువలు తవ్విన అనుభవం మనకు లేకపోలేదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు జరిగిన ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు ప్రసారాలు అందినవి. వాటిలో తెలుగు పల్లెలున్నవి. ఆ ప్రయోగంలో ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞాన బోధనలో శిక్షణ ఇచ్చినపుడు టెలివిజన్ ఒక్కదానినే నమ్ముకొనలేదు. రేడియో, అచ్చుపాఠాలు, చేసి చూచే పనులు దానికి జోడించినారు. తరువాత 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పినది. చుట్టుపక్కల ఉపాధ్యాయులు ఒకచోట కూడి, తాము చేసిన పాఠాలను ఒకరికొకరు చూపుకొని చర్చించడం వాటి ఉద్దేశం. నేటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఆ పని చేయగలవు. ఉత్తర్వులు చదివి వినిపించడంతోనే కాలం గడచిపోకుండా చూడాలి.

తనిఖీ చేసే యంత్రం

మరొక సంగతి చెప్పక తప్పదు. 2022 ఆగస్టులో ఉపాధ్యాయుల హాజరుకు ముఖాన్ని గుర్తించే యాప్ ప్రవేశపెట్టినారు. సొంత ఫోన్లలో దానిని వాడవలసి రావడంపై ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపినవి. హాజరు అవసరమే. అయితే సాంకేతిక విద్య తన వద్దకు ముందుగా తనిఖీదారు రూపంలో వస్తే ఉపాధ్యాయుడు దానిని స్నేహితునిగా ఎట్లు చూడగలడు? యంత్రం పాడైతే తననే అడుగుతారన్న భయం ఉన్నచోట దానిని బీరువాలో భద్రపరచడమే క్షేమమనిపిస్తుంది. ఇది సోమరితనం కాదు. భయం నేర్పిన జాగ్రత్త.

ఇతర చోట్ల తేలినది

పెరూ దేశంలో గ్రామీణ పాఠశాలలకు లాప్‌టాపులు పంచినారు. ఒక్కొక్క విద్యార్థికి 0.12గా ఉన్న కంప్యూటర్ల నిష్పత్తి 1.18కి పెరిగినది. అయినను గణితంలో, భాషలో మెరుగుదల కనబడలేదని 2012లో వెలువడిన పరిశోధన తేల్చినది. గుజరాతులో లీ లిండెన్ జరిపి 2008లో వెల్లడించిన పరిశీలన ఇంకా ఆలోచింపజేస్తుంది. ఉపాధ్యాయుని పాఠానికి బదులుగా కంప్యూటరును పెట్టినచోట పిల్లల మార్కులు తగ్గినవి. బడి వేళల తరువాత అదనంగా వాడినచోట, ముఖ్యంగా వెనుకబడిన పిల్లలకు, మేలు జరిగినది. యంత్రం ఒక్కటే, వాడిన తీరును బట్టి ఫలితం మారినది.

మిరపకోతల కాలంలో

ఈ చర్చ మన ప్రాంతంలో ఎవరికోసం అంటే, పొలానికి పోయిన పిల్లకోసం. పత్తితీతలు, వాటి వెనుక మిరపకోతలు వచ్చేసరికి కూలి కుటుంబాల పిల్లలలో కొందరు బడి తప్పుతారు. కర్నూలు వైపునుండి కోతలకు వలస వచ్చే కుటుంబాల పిల్లల సంగతి ఇంకా కష్టం. మూడు వారాల తరువాత తిరిగివచ్చిన పిల్ల ఎదుట తరగతి మూడు పాఠాలు ముందుకు పోయి ఉంటుంది. ఉపాధ్యాయుడు అందరినీ ఆపి ఆమెకు మొదటినుండి చెప్పలేడు.

యంత్రం నిజంగా చేయగల సేవ ఇక్కడ ఉన్నది. తప్పిన పాఠాన్ని ఆమె ఆపి, వెనుకకు త్రిప్పి, రెండవసారి వినగలదు. విసుగు లేకుండా చెప్పడం యంత్రానికి సహజగుణం. కాని ఏ పాఠం తప్పినదో, ఏ ముక్క చూస్తే చాలునో, చూచిన తరువాత ఏ ప్రశ్న అడగాలో తేల్చవలసినది ఉపాధ్యాయుడే. ఆ తీర్పు చెప్పడానికి ఆయనకు తీరిక, నేర్పు కావాలి. అవి లేకపోతే ట్యాబు ఆమె చేతిలో ఉన్నా పాఠం అందదు.

చేయదగినవి

పెద్ద ఖర్చు లేకుండా కొన్ని పనులు చేయవచ్చును. కాంప్లెక్సుకు ఒకరిద్దరు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులకు వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించి, ఇతరుల తరగతులలో ప్రక్కన నిలిచి తోడ్పడే పని అప్పగించాలి. వీరు తనిఖీ నివేదికలు వ్రాయకూడదు. ప్రతి సమావేశంలో ఒక పాఠం నిజంగా చెప్పి చూపి, తెర ఎక్కడ ఉపకరించినదో, ఎక్కడ అడ్డమైనదో చర్చించాలి. మరమ్మతుకు ఎవరిని పిలవాలో ప్రతి పాఠశాల గోడమీద వ్రాసి ఉండాలి. వాడుకలో పాడైన యంత్రానికి ఉపాధ్యాయుని బాధ్యుని చేయరాదు.

పాఠాలు సమకూర్చుకొనే శక్తి కూడ పాఠశాలలోనే పెరగాలి. ట్యాబులలోని పాఠాలను అందించిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోనికి వెళ్లినది. కంపెనీలు వస్తవి, పోతవి. ఉపాధ్యాయుడు నేర్చిన నేర్పు మాత్రం పదవీవిరమణదాకా తరగతిలో ఉంటుంది.

ఉత్తర్వులకోసం వేచి ఉండక ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేయవచ్చును. వచ్చే నెలలో ఒక్క పాఠాన్ని ఎన్నుకొని, పిల్లలచేత చేయించదగినది ఏదో, తెరమీద చూపదగినది ఏదో రెండు వరుసలుగా వ్రాసి, తోటి ఉపాధ్యాయుని తరగతికి పిలిచి చెప్పి చూడండి. తరువాత ఆయన పాఠానికి మీరు వెళ్లండి. పిల్లకాలువ తవ్వకం అక్కడనుండి మొదలవుతుంది.