బువ్వా, హక్కూ

"ముందు కడుపు నిండాలి, హక్కుల సంగతి తర్వాత" అంటారు మన సభల్లో కొందరు. ఆకలి తెలిసినోణ్ణి, ఆ మాటను కొట్టిపారెయ్యను. కానీ చరిత్ర ఆ వరసలో నడవలేదు.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1985 జూలైలో కారంచేడులో, మాదిగలు తాగే నీళ్లను మురికి చెయ్యొద్దని ఒక స్త్రీ ఎదురు తిరిగింది. మర్నాడు ఆరుగురు మాదిగల్ని చంపేశారు. కార్డు మీద బియ్యమిచ్చిన రాజ్యం, అడిగే నోటికి కాపలా కాయలేదు.

నాలాంటోళ్లు పాఠాలు చెప్పే సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం దేశమంతటా ఎట్లా వచ్చింది? దయతో కాదు. పి.యు.సి.ఎల్. 32వ అధికరణం కింద కోర్టుకెక్కితే, వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. వంటపనిలో దళితులకు ప్రాధాన్యమివ్వమని 2004లో చెప్పింది. అంబేద్కర్ రాజ్యాంగానికి ఆత్మ అన్నది ఆ అధికరణాన్నే. హక్కే అన్నం తెచ్చింది.

అయినా దళిత స్త్రీ వండితే పిల్లల్ని తిననివ్వని ఊళ్లున్నాయి. అక్కడ అన్నం ఒక్కటే చాలదు, అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం కావాలి.

బువ్వనూ హక్కునూ తూచమనేవాళ్లను ఒకటే అడగండి: తక్కెడ ఎవరి చేతిలో ఉంది? ఇచ్చే చెయ్యి మారితే ఆగిపోయే బువ్వ కాదు, ఆగితే నిలదీసి తెచ్చుకోగల బువ్వ మనకు కావాలి.