ఈల నోట్లో పెట్టుకోకు

ఆదివారం పొద్దున ఆరుంబావుకి నా స్కూటర్ డిక్కీలో రెండు ఈలలు, రెండు వాచీలు, ఒక రూపాయి బిళ్ళ, పెన్సిలు ముక్క, అరచేతిలో పట్టే నోటుబుక్కు, ఒక సుతిలి ఉండ ఉంటాయి. ఈ చివరిదాని ఊసు ఫుట్‌బాల్ రూల్సు పుస్తకంలో ఎక్కడా లేదు. సికింద్రాబాద్ వైపు మేం మ్యాచ్‌లు ఆడించే గ్రౌండులో గోల్‌పోస్టు వలకి ఎప్పుడూ ఎక్కడో ఒక చిల్లు ఉంటుంది. బంతి ఆ చిల్లులోంచి అవతలికి దూకిందంటే, గోలయ్యిందా, పోస్టు పక్కనుంచి పోయిందా అని ఇరవై రెండుమంది నా చుట్టూ మూగుతారు. ఒకసారి అలా మూగి నా చొక్కా గుండీ ఊడగొట్టాక సుతిలి కొనుక్కున్నాను. అప్పట్నుంచీ మ్యాచ్‌కి ముందు వల కుట్టుకునే రెఫరీని నేనే.

"ఎంతిస్తారేంటి?" అని ఆఫీసులో పక్క సీటాయన అడుగుతుంటాడు. రెండు మ్యాచ్‌లకి వచ్చేది పెట్రోలుకీ, ఇడ్లీకీ, మోకాలికి రాసుకునే మందుకీ సరిపోతుంది. తిట్లు అదనం. మరి ఎందుకు వెళ్తున్నట్టు? అని ఆయన మళ్ళీ అడుగుతాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. నిజంగా ఎందుకో నాకూ చాలాకాలం తెలియలేదు.

ఆడటం చేతకానివాళ్ళే రెఫరీలవుతారని గ్రౌండులో ఒక మాటుంది. నా విషయంలో అది అక్షరాలా నిజం. కాలేజీ జట్టులో నన్ను ఎప్పుడూ గీత బయటే కూర్చోబెట్టేవారు. కానీ హైదరాబాద్‌లో నిలబడి ఈ మాట అనాలంటే కాస్త ఆలోచించుకోవాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిలో పాఠాలు చెప్పినాయన. ఆయన చేతిలో తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆయన కోచ్‌గా వెళ్ళిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రహీమ్ గారబ్బాయి సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. కోచ్ కన్నతండ్రే. అయినా ఒక్క మ్యాచ్‌లోనూ దిగే అవకాశం రాలేదు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్‌గా చేసిన ఆ హకీమే ఈల పట్టి ఫిఫా రెఫరీ అయ్యారు. 1988లో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో మ్యాచ్‌లు ఆడించారు. ఒలింపిక్ జట్టు దాకా పోయినవాణ్ణి ఆట రానివాడని ఎవరంటారు? ఆడించడం వేరే విద్య, అంతే.

ఆ విద్యలో నాకు అక్షరాభ్యాసం చేయించింది రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన. మొదటి మ్యాచ్‌లో నేను ఈల నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి సిద్ధంగా పరిగెత్తుతుంటే హాఫ్‌టైములో పిలిచాడు. "ఈల నోట్లో పెట్టుకోకు బిడ్డా. నోట్లో ఉంటే నీ నోరు తీర్పు చెప్తది. చేతుల పట్టుకో. చెయ్యి నోటిదాంక పోయేలోపు నీ బుర్రకు పని దొరుకుతది" అన్నాడు.

అరసెకను కూడా పట్టదు చెయ్యి నోటిదాకా వెళ్ళడానికి. కానీ ఆట మొత్తం ఆ కాస్త వ్యవధిలోనే ఉంది. ఫార్వర్డు ఆటగాడి చొక్కా వెనకనుంచి డిఫెండర్ లాగాడనుకోండి. ఫౌలే. ఈల నోట్లో ఉంటే కూసేస్తుంది. ఆ లోపల చొక్కా విడిపించుకున్న కుర్రాడు ముందుకు పోయి గోల్‌కీపర్ ఎదురుగా నిలబడి ఉంటాడు. ఈల విని వాడు ఆగిపోతాడు. తప్పు చేసినవాడికి లాభం, దెబ్బ తిన్నవాడికి నష్టం. అందుకే అడ్వాంటేజ్ అని ఒక వెసులుబాటు పెట్టారు. రెండు చేతులూ ముందుకు చాపి "ఆడు, ఆడు" అని అరుస్తూ వెనకాలే పరిగెత్తడమే. లాభం రాలేదా, క్షణాల్లో వెనక్కొచ్చి ఆ ఫౌల్ ఇవ్వొచ్చు. ఈల వెయ్యడం వారంలో నేర్చుకున్నాను. వెయ్యకుండా ఉండటం నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది.

ఇక తిట్లు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అని ఊరికే అన్నారా? మ్యాచ్ ఎలా నడుస్తోందో స్కోరు చూడకుండా పిలుపుని బట్టి చెప్పెయ్యొచ్చు. టాస్ దగ్గర "సార్". మొదటి ఫ్రీకిక్ వాళ్ళకి అనుకూలంగా వస్తే "అన్నా". పావుగంటకి "భాయ్, జర చూడు భాయ్". హాఫ్‌టైము దాటి వెనకబడ్డారంటే "అంకుల్, కండ్లద్దాలు తెచ్చుకోలేదా". ఆఖరి ఐదు నిమిషాల్లో పెనాల్టీ ఇస్తే ఇక వావివరసలుండవు. ఒకసారి పసుపు కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చాను. డిక్కీలో ఎవరిదో పెళ్ళి శుభలేఖ ఉంటే జేబులో పెట్టుకుని దిగాను, అవసరం పడి అదే చూపించాను. కార్డు తిన్న కుర్రాడు "ముహూర్తం ఎప్పుడు సార్?" అన్నాడు. నవ్వొచ్చింది, అయినా పేరు రాసుకున్నాను. ట్రాఫిక్ లైట్లు చూసి ఈ పసుపు, ఎరుపు కార్డుల ఆలోచన చేసింది కెన్ ఆస్టన్ అనే ఇంగ్లండు రెఫరీ. 1970 మెక్సికో వరల్డ్ కప్‌లో తొలిసారి వాడారు. ఆయన కూడా బడిపంతులే. మా గ్రౌండులోనూ ఈల పట్టినవాళ్ళలో సగంమంది పీఈటీ సార్లే. వాళ్ళని ఎందుకు వచ్చావని అడగడం, చేపని నీళ్ళలోకి ఎందుకు దిగావని అడిగినట్టు.

డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె మాతోపాటు ఈల పట్టడానికి వస్తుంది. ఆమెనడిగాను. "ఇరవై రెండుమంది మగాళ్ళు సార్. నేను ఈల వేస్తే టక్కున ఆగుతారు. బస్టాపులో నా మాటకి ఒక్కడు పక్కకి జరగడు" అంది. ఇంతకంటే సూటి సమాధానం నాకెవరూ చెప్పలేదు. అధికారం కోసమే రెఫరీలవుతారని ఎగతాళి చేసేవాళ్ళు ఈ అమ్మాయితో ఒకసారి బస్టాపుదాకా నడిచి రావాలి.

నా సంగతి వేరు. నేను పనిచేసే ఆఫీసు పేరు చెప్పను, చెప్పినా తేడా ఏమీ ఉండదు. ఇరవై రెండేళ్ళుగా నేనక్కడ నోట్ ఫైళ్ళు రాస్తున్నాను. ప్రతి నోటూ "తదుపరి ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అనే ముగుస్తుంది. పైవారు "చర్చించగలరు" అని రాస్తారు. చర్చిస్తాం. ఫైలు ఇంకో మెట్టు ఎక్కుతుంది, ఏదో సందేహంతో రెండు మెట్లు దిగుతుంది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. చివరికి ఏదో ఒకటి జరుగుతుంది గానీ, అది ఎవరు నిర్ణయించారో సంతకం పెట్టిన ఏడుగురిలో ఎవరికీ తెలియదు. ఈ ఇరవై రెండేళ్ళలో నేను చేసిన తప్పు ఒక్కటి కూడా లేదు. చెయ్యడానికి నా నిర్ణయమంటూ ఒకటి ఉంటే కదా.

రెఫరీ అన్న మాట కూడా మొదట్లో ఇలాంటి ఫైలు బాపతే. ఇంగ్లండులో ఆట మొదలైన కొత్తలో ఒక్కో జట్టు తరఫున ఒక్కో అంపైరు ఉండేవాడు. ఆటగాళ్ళు క్రికెట్‌లోలాగా అప్పీల్ చేస్తేనే వాళ్ళు నోరు విప్పేవారు. ఆ ఇద్దరికీ కుదరకపోతే గీత బయట ఉన్న మూడో మనిషికి విషయం రిఫర్ చేసేవారు. రిఫర్ చేయించుకునేవాడు కాబట్టి రెఫరీ. 1891లో ఈ తతంగం తీసేసి, ఆ మూడో మనిషినే ఈలతో మైదానం మధ్యలోకి దింపారు. అంపైర్లు లైన్స్‌మన్లై గీత మీదికి వెళ్ళిపోయారు. ఆటవాళ్ళు ఆ ఏడాదే నేర్చుకున్న పని మా ఆఫీసు ఇంకా నేర్చుకోలేదు.

ఆదివారం ఆ రెండు గంటలూ నాకు పైవారు లేరు. పక్కవారూ లేరు. చిన్న టోర్నమెంట్లలో లైన్స్‌మన్లని కూడా పెట్టరు, ఆఫ్‌సైడ్ కూడా ఒక్కణ్ణే చూసుకోవాలి. చూశానా, చెప్పానా, అంతే. నాకు కావలసింది ఇదేనని ఒక తప్పు చేశాకే తెలిసింది.

పదహారేళ్ళలోపు పిల్లల వేసవి టోర్నమెంటు ఫైనల్. స్కోరు సున్నా-సున్నా. ఆట ముగియడానికి ఆరు నిమిషాలుంది. కార్నర్ కిక్ గాల్లోకి లేచింది, ఎవరి తలకో తగిలింది, అడ్డకర్రకి కొట్టుకుని కిందపడి బయటికి దూకింది. నేను ఇరవై గజాల దూరంలో, మధ్యలో నాలుగు వీపులు. గోల్ కావాలంటే బంతి మొత్తం గీత మొత్తాన్నీ దాటాలి. దాటింది అనిపించింది. ఈల వేసి సెంటర్ వైపు చెయ్యి చూపించాను.

గోల్‌కీపర్ పిల్లవాడు అరవలేదు. బంతి తీసుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి తిప్పి చూపించాడు. "సార్, సున్నం అంటింది చూడండి. గీత మీద పడింది సార్" అన్నాడు. నిజమే, బంతి మీద రెండు వేళ్ళంత తెల్లటి మరక తడితడిగా ఉంది. పొద్దున్నే డబ్బాతో వేసిన సున్నపు గీత ఇంకా ఆరలేదు. "బంతికి పొద్దుట్నుంచీ సున్నం అంటుతూనే ఉంది, పద" అన్నాను. కిక్కాఫ్ కాకముందు నిర్ణయం మార్చుకునే వీలు నాకుంది. ఒకసారి ఆట మళ్ళీ మొదలైతే ఇక లేదు. మొదలైంది. ఒకటి-సున్నాతోనే ముగిసింది.

1966లో వెంబ్లీలో ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ ఆడిన వరల్డ్ కప్ ఫైనల్‌లోనూ సరిగ్గా ఇలాంటి బంతే అడ్డకర్రకి తగిలి కిందపడింది. గోల్ అని తలూపిన లైన్స్‌మన్ అజర్‌బైజాన్‌కి చెందిన తోఫిక్ బహ్రమోవ్. బాకూలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. నాకు మాత్రం గ్రౌండు బయట టీ బండి దగ్గర ఒక తండ్రి సెల్‌ఫోను ఎదురైంది. గోల్ వెనక నిలబడి తీశాడు. నెమ్మదిగా తిప్పి చూపించాడు. బంతి సరిగ్గా గీత మీద పడింది, సున్నం చిన్న తుంపరలా చిందింది కూడా. ఆయన తిట్టలేదు. ఫోను జేబులో పెట్టుకుని "టీ తాగుతారా సార్" అన్నాడు.

తాగాను. గొంతులోంచి దిగలేదు. ఓడిన జట్టు కోచ్ దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆ మాట చెప్తున్నప్పుడు సిగ్గుతోపాటు ఇంకేదో కూడా ఉంది, చెప్తే బాగుండదేమో. ఇన్నేళ్ళలో మొదటిసారి "నాది" అనదగ్గ పని ఒకటి చేశాను. అది తప్పే, ఒక పిల్లవాడి కప్పు పోయింది. కానీ ఏడు సంతకాల కింద దాక్కోవడానికి చోటు లేదు. ఇంటికొచ్చాక మానేద్దామనుకున్నాను. మానేస్తే సోమవారం నుంచి శనివారం దాకా మిగిలే మనిషి ఎవడో గుర్తొచ్చింది.

తరవాతి ఆదివారం వెళ్ళాను. వల కుడుతుంటే ఆ గోల్‌కీపర్ వచ్చి, ఏమీ మాట్లాడకుండా సుతిలి రెండో కొస పట్టుకున్నాడు. ముడి నాకంటే బాగా వేశాడు. "పేరు గుర్తుందిరా నాకు" అన్నాను. "మంచిది సార్" అన్నాడు. తరవాత సున్నం డబ్బా తీసుకుని గోల్‌లైన్ మీద వంగాడు. గీత పోస్టు వెడల్పే ఉండాలి, ఐదంగుళాలు దాటకూడదని రూలు. వాడు ఒక పోస్టు నుంచి రెండో పోస్టు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, మొదటి గీతని ఆనుకుని ఇంకో వరస వేశాడు. నిలబడి నా వైపు చూశాడు. నేను కొలవలేదు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి కెప్టెన్లని పిలిచాను.