హాలు ఎవరు బుక్ చేస్తారు?

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రమైతే చాలు, ఏదో ఒక కార్యక్రమం నడుస్తుంటుంది. ఎక్కువగా ఘంటసాల, సుశీల, బాలు పాటలు. పాడేవాళ్లు రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఆఫీసర్లు. వెనక ఆర్కెస్ట్రా ఉండదు, ల్యాప్‌టాప్‌లో ట్రాక్ ఉంటుంది. ట్రాక్ ఒక శ్రుతిలో, పాడే పెద్దాయన ఇంకో శ్రుతిలో బయల్దేరినప్పుడు సౌండ్ చూసుకునే అబ్బాయి మొహం చూసి తీరాలి. నాలుగు పాటలకో సన్మానం. శాలువా, జ్ఞాపిక, గ్రూపు ఫొటో. ముఖ్య అతిథి ప్రసంగం మూడు పాటలంత పొడుగు.

కుర్రకారుకు ఇదంతా నవ్వులాట. నాకూ అప్పుడప్పుడు నవ్వొస్తుంది. కానీ ఈ పెద్దవాళ్ల దగ్గర ఒక గుణముంది. ఎవరో పిలవాలని కూర్చోరు. తలా కొంత వేసుకుని హాలు బుక్ చేస్తారు, సౌండ్ అబ్బాయికి అడ్వాన్స్ ఇస్తారు, ఫ్లెక్సీ కొట్టిస్తారు, చుట్టాలందరికీ వాట్సాప్ పెడతారు, వచ్చినవాళ్లకు టీ పోస్తారు. పాట ఎలా ఉన్నా ఆ సాయంత్రం మాత్రం జరుగుతుంది.

అశోక్‌నగర్‌లో నాకు తెలిసిన ఓ కొత్త బ్యాండు ఉంది. నలుగురు కుర్రాళ్లు. సొంత పాటలు మూడున్నర. ఆ సగం పాటకు చరణం కుదరక ఆగింది. బ్యాండుకు పేరుంది, లోగో ఉంది, ఇన్‌స్టా పేజీ ఉంది, నల్ల టీషర్టులున్నాయి. బయటివాళ్ల ముందు మాత్రం ఒక్కసారీ వాయించలేదు. ఎందుకని అడిగితే, ‘ఎవరన్నా పిలిస్తే పోతం అంకుల్’ అన్నాడు గిటార్ అబ్బాయి. పేరు కూడా వినని బ్యాండును ఎవరు పిలుస్తారు నాయనా?

వాళ్ల సాధన మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్క గదిలో. గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. ఈ అట్టల మీద సంగీతం వాళ్లకున్న నమ్మకం ఎప్పటికీ పోయేలా లేదు. అవి గదిలో గింగుర్లు తిరిగే మోతను కాస్త తగ్గిస్తాయేమో గానీ, శబ్దాన్ని బయటికి పోకుండా ఆపలేవు. డ్రమ్ము దెబ్బ, బేస్ గిటార్ మోత శ్లాబు పట్టుకుని కిందికి దిగిపోతాయి. కింద మూడంతస్తులూ హాస్టలే. గ్రూప్స్‌కూ ఎస్సై పరీక్షకూ చదివే పిల్లలు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకనివాళ్లు గదిలోనే మంచం మీద పుస్తకాలు పరుచుకుంటారు. కింద ఒకడు 371డి అధికరణం బట్టీ కొడుతుంటే పైన ఇంకొకడు సింబల్స్ బాదితే ఏమవుతుంది? గొడవైంది. ఓనర్ పైకి రావాల్సి వచ్చింది.

అట్లా డ్రమ్ముల స్థానంలోకి కహోన్ వచ్చింది. పెరూ దేశంలో పుట్టిన చెక్కపెట్టె అది. దాని మీదే కూర్చుని ముందు పలకను అరచేతులతో వాయిస్తారు. పలక నడుమ కొడితే దిమ్మంటుంది, పైఅంచు మీద కొడితే చిటపటమంటుంది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోవచ్చు. బేస్ గిటార్ హెడ్‌ఫోన్లలోకి వెళ్లింది. దాంతో పాటలో మాటలు వినపడటం మొదలైంది. వినపడ్డాక, రెండో పాటలో రెండో చరణం ఏమీ బాగాలేదని నలుగురికీ ఒకేసారి తెలిసింది! అన్ని నెలలు డ్రమ్ముల మాటున దాక్కుందది. కొత్త బ్యాండువాళ్లు ఎవరు సలహా అడిగినా, కొనాల్సిన వస్తువుల జాబితా కంటే ముందు ఇదే చెప్తాను. మోత తగ్గించి పాడుకోండి, పాటలో ఏముందో తేలిపోతుంది.

తక్కువ సరంజామాతో మొదలుపెట్టడం ఈ ఊరికి కొత్తా? 1970ల మొదట్లో ఇంజనీరింగ్ చదువు మధ్యలో వదిలేసి బుర్రకథలు చెప్పుకుంటున్న గుమ్మడి విఠల్‌రావును బి.నర్సింగరావు వాళ్ల ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ దగ్గరికి తీసింది. ఆ కదలికలోంచే 1972లో జననాట్యమండలి వచ్చింది. తొలి పాటల సంపుటికి పెట్టిన ‘గద్దర్’ అన్న పేరే చివరికి మనిషి పేరై నిలిచింది. మధ్యలో కెనరా బ్యాంకులో ఉద్యోగమూ చేశాడాయన. రాజకీయాలు ఎవరివి వాళ్లవి, నేను చూస్తున్నది పనితీరు. గొంగడి, చేతికర్ర, కాళ్లకు గజ్జెలు, ఒక డప్పు, వంత పాడే ఇద్దరు. ప్రతి పాటలోనూ జనం అందుకోవడానికి వీలైన పల్లవి. పాటలు చిన్న పుస్తకాలుగా, క్యాసెట్లుగా చేతులు మారాయి. అజ్ఞాతం నుంచి బయటికొచ్చి 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు జనం పోటెత్తారు. ఆ జనాన్ని పాటలు ఏళ్లతరబడి ఊరూరా తిరిగి కూడగట్టాయి.

ఆ పద్ధతి ఇప్పటికీ చూడాలంటే లోయర్ ట్యాంక్‌బండ్ నుంచి ఇందిరాపార్కు ధర్నా చౌక్‌కు రండి. అంగన్‌వాడీలు, ఆశా వర్కర్లు, కాంట్రాక్టు లెక్చరర్లు, ఎవరు టెంటు వేసినా అందులో ఓ గాయకుడు ఉంటాడు. పాత బాణీలో ఆ రోజు జీవో నంబరు ఇరికించి అప్పటికప్పుడు పాట కడతాడు. మైకు గీపెడుతున్నా ఆపడు. మా బ్యాండు కుర్రాళ్లను అక్కడ ఒక పూట కూర్చోబెట్టాను. గిటార్ అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘మన పాటలల్ల జనం అందుకునే లైనే లేదు’ అన్నాడు పక్కవాడితో.

మన చిక్కల్లా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌తో. సంధ్య, సుదర్శన్, దేవి ఉన్న ఈ పేటలో పాటంటే సినిమా పాటే. సొంత పాట పాడే కుర్రాడు కనిపిస్తే పక్కింటి ఆంటీ మొదట అడిగేది ‘సినిమాల్లో ఛాన్స్ వచ్చిందా బాబూ?’ అనే. హైదరాబాద్‌లో మొదలైన చౌరస్తా బ్యాండు ‘మాయ’, ‘ఊరెళ్లిపోతా మామా’ లాంటి సొంత పాటలతో పేరు తెచ్చుకుంది. 2020లో కరోనా వేళ చేతులు కలపొద్దని చెప్పిన వాళ్ల పాట ఊరూరా మోగింది. ఆ తర్వాత ఆ బ్యాండు గాయకుడు రామ్ మిరియాల ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట, ‘డీజే టిల్లు’లో టైటిల్ పాట పాడారు. ఇప్పుడు చాలామందికి ఆయన సినిమా గాయకుడిగానే తెలుసు. ఆయన తప్పేమీ లేదు, ఇల్లు గడవాలి కదా. బ్యాండంటే సినిమా గుమ్మం ముందు వేసిన బెంచీ అనుకునే మన చూపుతోనే నా తగవు.

ఇక డబ్బు సంగతి. స్పాటిఫై 2024 నుంచి ఒక నియమం పెట్టింది. పన్నెండు నెలల్లో 1,000 సార్లయినా వినని పాటకు పైసా రాదు. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్‌కు వేరే లెక్క). అదే ఒక చిన్న హాల్లో నలభైమంది తలా వంద ఇస్తే ఆ రాత్రికే నాలుగు వేలు చేతిలో పడతాయి. హాలు, సౌండ్ ఖర్చు తీస్తే మిగిలేది తక్కువే, ఒక్కోసారి చేతి నుంచి పడొచ్చు కూడా. కానీ ఏ చరణం దగ్గర జనం ఫోన్లు తీశారో తెలుస్తుంది. ఆ సంగతి ఏ యాప్ చెప్పినా ఇంత సూటిగా చెప్పదు. ఇంకోమాట. టికెట్టు పెట్టి సినిమా పాటలు పాడితే పాటల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ సంస్థ లైసెన్సు తీసుకోవాలి. హక్కులు మీ దగ్గరే ఉన్న సొంత పాటకు ఆ బాదరబందీ లేదు.

మొదటి పాట రికార్డు చేసేముందే ఒక తెల్లకాగితం తీయండి. సాహిత్యం, బాణీ, రికార్డింగు మన చట్టంలో మూడు వేర్వేరు హక్కులు. రాసినవారికీ బాణీ కట్టినవారికీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. రికార్డింగుకు విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు. ఎవరి వాటా ఎంతో రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. స్నేహితుల మధ్య కాగితాలేంటని మొహమాటపడేవాళ్లే పాట ఆడిన రోజున మాటలు మానేస్తారు. జానపద బాణీ తీసుకుంటే అది జానపదమని రాయండి, దాని కింద మీ పేరు వేసుకోకండి.

1978లో లండన్‌లో స్క్రిట్టి పొలిట్టి అనే బ్యాండు సొంతంగా రికార్డు వేసుకుని, స్టూడియోకెంతైంది, ప్రెస్సింగుకెంతైంది అని ఖర్చు వివరాలన్నీ దాని అట్ట మీదే అచ్చేసింది. చూసినవాళ్లు ‘ఇంతేనా, మనమూ చేయొచ్చే’ అనుకోవాలని. మన దగ్గర ఆ లెక్కలు గానసభ పెద్దల జేబు డైరీల్లో ఉన్నాయి. కుర్రాళ్లను అలాంటి ఒకాయన దగ్గరికి పంపాను. హాలు అద్దె, సౌండు, కరెంటు, టీ, అన్నీ చెప్పి, రాత్రి పది దాటాక మైకు మోగకూడదని హెచ్చరించి, చివర్లో ‘ముఖ్య అతిథి ఎవరు?’ అని అడిగారట. లేరంటే నమ్మలేదట.

ఇప్పుడు ఆ నలుగురూ గానసభలోని చిన్న హాలు, కళా సుబ్బారావు కళావేదిక కోసం డబ్బు పోగేస్తున్నారు. రోజు కుదిరితే మీరు రండి. వంద రూపాయలు ఇవ్వండి, వాళ్ల పాటలే వినండి. మధ్యలో లేచి సిద్ శ్రీరామ్ పాట పాడమని మాత్రం అడక్కండి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వైపు ఆదివారం సాయంత్రాలు ఖాళీగా ఉండే ట్యూషన్ గదో, సెల్లారో ఉన్నవాళ్లు ఇలాంటి పిల్లలకు రెండు గంటలు ఇచ్చి చూడండి. కరెంటు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు, కుర్చీలు వాళ్లే సర్దిపోతారు.