చందమామ సేకరణ: ఆస్వాదన, ఆధారం

1947 జూలైలో ప్రారంభమైన 'చందమామ' పాత సంచికల సేకరణను బాల్యంపై మమకారంగానే పరిగణించడం పరిపాటి. అందులోని రెండు పద్ధతులను వేరుచేసి చూస్తే దాని పరిశోధనా విలువ స్పష్టమవుతుంది.

మొదటిది, ధారావాహిక పుటలను విడదీసి ఒకే సంపుటిగా కుట్టించుకోవడం. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' వంటి రచనలను నెలల తరబడి ఎదురుచూడకుండా ఏకబిగిన చదవగలగడం, చిత్రా గీసిన బొమ్మలను వరుసగా చూడగలగడం ఇందులోని ఆనందం. అయితే ఈ కూర్పులో ముఖచిత్రం, సంచిక తేదీ, ప్రకటనలు, ఇతర కథలు జారిపోతాయి.

రెండవది, సంచికను సంచికగానే భద్రపరచడం. ఆ ధారావాహికలు రచయిత పేరు లేకుండా అచ్చయ్యాయి. కర్తృత్వాన్ని ఇతర ఆధారాలతో నిర్ణయించవలసివచ్చినా, ప్రచురణ కాలానికీ తొలి పాఠానికీ పూర్తి సంచికే ప్రమాణం.

అంతమాత్రాన మొదటి పద్ధతి విధ్వంసం కాదు. ఏ రచనను దాచదగినదిగా పాఠకుడు ఎంచుకున్నాడో కుట్టిన సంపుటి చెబుతుంది. విడి సంచిక ప్రచురణ చరిత్రకు సాక్ష్యమైతే, సంపుటి పఠన చరిత్రకు సాక్ష్యం. దానిని చిరిగిన ప్రతిగా గ్రంథాలయం తోసిపుచ్చితే బాలసాహిత్య విమర్శ తన పాఠకుణ్ణే కోల్పోతుంది.