డబ్బు కట్టి అచ్చుకిచ్చే ముందు

అమెరికాలో పబ్లిష్‌అమెరికా అనే సంస్థ తనను తాను అసలైన ప్రచురణ సంస్థనని చెప్పుకునేది. 2004లో జేమ్స్ మెక్‌డొనాల్డ్ పూనికతో కొందరు సైన్స్ ఫిక్షన్ రచయితలు దానికో పరీక్ష పెట్టారు. తలా ఒక అధ్యాయం కావాలనే అధ్వానంగా రాసి ‘అట్లాంటా నైట్స్’ అనే నవల తయారుచేశారు. అందులో ఒక అధ్యాయం అసలు లేదు. ఇంకొకటి మక్కికి మక్కి రెండుసార్లు వచ్చింది. మరొకటి కంప్యూటర్ ప్రోగ్రామ్ అల్లిన మాటల కుప్ప. అయినా సంస్థ ఆ నవలను వేసుకుంటామంది! గుట్టు రట్టయ్యాకే, 2005 జనవరిలో, ఆ మాట వెనక్కి తీసుకుంది.

ఆ సంస్థ ముందుగా రుసుమేమీ అడిగేది కాదు. తన పుస్తకం కాపీలు తానే కొనుక్కునే రచయితే దాని రాబడి. పాఠకుడితో పనిలేనప్పుడు రాతప్రతి చదవాల్సిన అవసరం ఎవరికుంటుంది?

సొంత ఖర్చుతో అచ్చు వేసుకోవడంలో తప్పేమీ లేదు. తెలుగులో ఎన్నో కథా సంపుటాలు, కవితా సంపుటాలు అలాగే వస్తున్నాయి. డీటీపీకి ఎంత, ముఖచిత్రానికి ఎంత, ప్రెస్సుకు ఎంత అన్నది రచయితకు తెలుస్తుంది. పుస్తకాలూ హక్కులూ అతని చేతిలోనే ఉంటాయి.

ప్రచురణ సంస్థలు అమ్మే ప్యాకేజీల దగ్గరే జాగ్రత్తపడాలి. పుస్తకపు గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామంటూ డబ్బు అడిగితే, మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుందని గుర్తుంచుకోవాలి. కాపీరైట్ కూడా రాసిన క్షణం నుంచే రచయితది. 1957 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

డబ్బు పోవడంతో నష్టం ఆగదు. అమెరికాలోనే ఓక్లహామాకు చెందిన టేట్ పబ్లిషింగ్ అనే సంస్థ చాలామంది రచయితల దగ్గర దాదాపు 4,000 డాలర్ల చొప్పున తీసుకునేది. 2017 జనవరిలో మూతపడింది. సొంత పుస్తకాల ఫైళ్లు కావాలంటే మరో 50 డాలర్లు కట్టమని రచయితలకు చెప్పింది. ఆ మే నెలలో దాన్ని నడిపిన తండ్రీకొడుకులు డబ్బు స్వాహా, బెదిరింపు వసూళ్ల ఆరోపణలపై అరెస్టయ్యారు. అప్పటికే వేలమంది రచయితల పుస్తకాలు నడిమధ్యలో నిలిచిపోయాయి.

కాబట్టి ధరల పట్టిక కంటే ముందు ఒప్పందంలో హక్కుల పేరా చదవాలి. హక్కులు ఎంతకాలానికి ఇస్తున్నారో అందులో రాయకపోతే మన చట్టం అయిదేళ్లుగా లెక్కిస్తుంది. ‘కాపీరైట్ ఉన్నంతకాలం’ అని రాస్తే రచయిత జీవితాంతమూ, ఆపైన 60 ఏళ్లూ హక్కులు సంస్థ దగ్గరే ఉండిపోతాయి. ఆ మాట కొట్టేయించి, రెండేళ్లో మూడేళ్లో గడువు రాయించుకోవాలి. లోపలి పేజీల ఫైళ్లు, ముఖచిత్రం ఫైలు రచయితకు అప్పగించాలన్న షరతు కూడా సంతకానికి ముందే చేర్పించాలి.